పలక మీద జామకొమ్మలు

మా వదిన మట్టి తింటుంది. కడుపుతో ఉన్నప్పటి ముచ్చట కాదు, అది ఎప్పుడో తీరిపోయింది. అరవై రెండేళ్ల వయసులో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, కేబుల్ కోసం రోడ్డు పక్కన తవ్విన గోతి దగ్గర ఆగి, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుంటుంది. కాసేపు కళ్లు మూసుకుంటుంది. పళ్ల మధ్య నలిపి, పక్కకు తిరిగి ఉమ్మి, ఇసక ఎక్కువ అనో, పరవాలేదు జిగురుంది అనో తీర్పు చెబుతుంది. గోతిలో పనివాళ్లు పారలు ఆపి చూస్తుంటారు. పక్కన ఖాళీ సంచీ పట్టుకుని నిలబడేది నేను. నా బాధ ఎవరికి చెప్పుకోను?

నేను ఆవిడకు ఆడపడుచుని. ముప్ఫై మూడేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించాను. మొదటి నుంచీ మా అన్నయ్య ఇంటి మేడమీద గదిలోనే ఉంటున్నాను. నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని వీధంతా అంటారు. వీధంతా అబద్ధం చెబుతోందని నేనేమీ అనను. యాభై తొమ్మిదేళ్లొచ్చినా వదిన నన్ను ఇప్పటికీ "అమ్మాయ్" అనే పిలుస్తుంది. ఆ పిలుపు వినగానే సగం కోపం దిగిపోతుంది, మిగతా సగంతో నెట్టుకొస్తున్నాను.

ఇంటి ముందువైపు కారు కోసం కట్టిన గది ఒకటుంది. మాకు కారు లేదు, రాదు కూడా. అదే వదిన కార్ఖానా. తలుపు తియ్యగానే తడిమట్టి వాసన. మధ్యలో కాలితో తొక్కి తిప్పే చక్రం, దాన్ని ఆవిడ సారె అంటుంది. గోడ పొడుగునా చెక్క అరలు, వాటి మీద సగం ఆరినవీ, పూర్తిగా ఆరినవీ, ఆరకముందే సొట్టబోయినవీ. కింద వరసగా బకెట్లు. మట్టినీళ్లు వడకట్టడానికి నా దిండు గలీబులే వాడుతుంది. అడగదు. రాత్రి ఉన్న గలీబు పొద్దుటికి ఉండదు, అంతే. పెరట్లో ఇటుకలతో కట్టిన బట్టీ, దానికి చిన్న పొగగొట్టం, పక్కన కట్టెల దొంతి.

వదిన పుట్టుకతో కుండలు చేసే మనిషి కాదు. మట్టి పరీక్షల ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. రైతులు పొట్లాలు కట్టి తెచ్చిన మట్టిని జల్లించి, నీళ్లలో కలిపి, అందులో ఉప్పెంత, సున్నమెంత అని కాగితం మీద రాసివ్వడం ఆవిడ పని. పరీక్ష అయ్యాక మిగిలింది పారబోయాలి. అంత దూరం నుంచి పాపం మోసుకొచ్చారు కదా అని, పారబోయడానికి చేతులు రాక, ఇంటికి తెచ్చేది. నలభయ్యో ఏట ఒక ఆదివారం ఆ మట్టంతా కలిపి పిసికి గిన్నె ఒకటి చేసింది. అది గిన్నె అని ఆవిడ చెబితేగాని మాకు తెలియలేదు. దాన్ని తీసుకెళ్లి నీళ్లు కాచే పొయ్యిలో పెడితే ఠప్పున పేలి కాగుకు చిల్లుపడింది. అక్కడితో మానేసే మనిషైతే నేనీ కథ చెప్పే పనే ఉండేది కాదు.

వదినకు కావలసిన మట్టి మా వీధి చివర కాలవ మలుపు దగ్గర ఉంది. ఒడ్డున మోకాలి లోతు తవ్వితే నల్లగా, మెత్తగా, వేళ్ల మధ్య నుంచి జారిపోతూ వస్తుంది. మొదటిసారి ఒక్క ఆ మట్టితోనే పద్దెనిమిది గిన్నెలు చేసి పెద్ద మంటలో కాలిస్తే, పద్దెనిమిదీ కరిగి ఒకే పెనం అయ్యాయి. ఆ పెనం ఇప్పటికీ మా గుమ్మం ముందే ఉంది, దాని మీద చెప్పులు విడుస్తాం. తర్వాత తెల్లమట్టి ఎంత కలిపితే అది మంటకు నిలబడుతుందో తెలుసుకోవడానికి ఆవిడకు రెండేళ్లు పట్టింది.

చూసిన ప్రతిదీ ఆవిడకు పనికొస్తుంది. గోడెక్కుతున్న నత్తను గంటసేపు చూసి కూజా మూత చేస్తుంది. ఎండిన బీరకాయ తొక్క తీసి లోపలి వల చూసి, అలాంటి గీతలు గిన్నె మీద గీస్తుంది. మేం వంటకని తెచ్చుకున్న బీరకాయ ఎండిపోయేదాకా ఎందుకుందని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఇలా చేసినవన్నీ బంధువులకు పంచుతుంది. ఒక్కొక్కరి ఇంట్లో అరడజనుకు తక్కువ లేవు. వదిన వస్తోందని తెలియగానే అటక మీది నుంచి దింపి బల్ల మీద పెడతారు, వెళ్లగానే మళ్లీ అటక ఎక్కిస్తారు. ఒకసారి చెప్పకుండా వెళితే మా పెద్దమ్మ కూతురి పెరట్లో వదిన చేసిన గిన్నెలో కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. వదిన మాత్రం దారి పొడుగునా సంతోషంగానే ఉంది, కోళ్లయినా వాడుతున్నాయి కదా అంటూ.

ఇన్నేళ్లలో ఆవిడ కోరుకున్నది ఒక్కటే, ఒక రంగు. మొదటి వాన పడిన మర్నాడు కాలవ మలుపులో నీళ్లకు వచ్చే రంగు. పచ్చ అందామంటే పచ్చ కాదు, నీలం అసలే కాదు, ఒడ్డున ఎర్రమట్టి కలిసేచోట సన్నగా ఒక ఎర్ర జీర. చూపిస్తానని ఒకసారి నన్ను గొడుగు కింద లాక్కెళ్లింది. నాకు మురికినీళ్లు కనిపించాయి. ఆ మాటే చెప్పాను. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు, మళ్లీ చూడమంది. మళ్లీ చూసినా మురికినీళ్లే.

ఆ రంగును పూతలో తేవాలి. బూడిద, మట్టి నీళ్లలో కలిపి కుండకు పూసి కాలిస్తే, ఆ పూత కరిగి గాజులా అంటుకుంటుంది. ఏ చెట్టు బూడిదైతే ఆ చెట్టు రంగు. కొట్లో రంగుల పొడులు దొరకవా అంటే దొరుకుతాయి. రాగి పొడి వేస్తే పచ్చ వస్తుందని ఆవిడకు తెలియకా కాదు. ఒకసారి తెచ్చి వేసింది, ఆస్పత్రి గోడల రంగు వచ్చింది. ఆ డబ్బా మూత మళ్లీ తియ్యలేదు. మన కాలవ మట్టి, మన పెరటి బూడిద, ఇవి రెండే చాలని పట్టుబట్టి కూర్చుంది.

ఇక్కడే పలక సంగతి చెప్పాలి. మా పెరట్లో స్నానానికి నీళ్లు కాచే పొయ్యి ఉంది. ఆ పొయ్యి బూడిద మొత్తం వదినదే. అందుకని పొయ్యి పక్క గోడకు ఒక పలక వేలాడదీసింది. పొయ్యిలో ఎవరు ఏది పెట్టినా పలక మీద రాసి తీరాలి. అరటి మట్టలు, పాత తలుపు చెక్క, కొబ్బరి డొక్కలు, ఏదైనా సరే. ఆదివారం బూడిద ఎత్తి, పలక చూసి, డబ్బాకు చీటీ అంటిస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా చలి కాచుకోవాలంటే ముందు పలక పట్టుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఆ పలక మీద ఒక్క తప్పు మాట పడలేదు.

పడింది. వేసింది నేను.

మా అన్నయ్య బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేశాడు. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడొచ్చిందో చూసుకోవడమే జీవితమంతా. ఆయన మొదటి జీతంతో కొన్న రేడియో ఒకటి ఉండేది, మేకపిల్ల అంత, చెక్క పెట్టెలో. ఆయన ఉద్యోగం దిగిన ఏడే అది మూగబోయింది. మూగబోయినా బాగుండేది. పదకొండేళ్లుగా రోజూ తెల్లవారుజామున సరిగ్గా ఐదింటికి అన్నయ్య దాని ముందు కూర్చుని బిరడా తిప్పేవాడు. అది కర్‌ర్‌ర్ మనేది. స్టేషన్ దొరుకుతుంది, ఇంకొక్క వారం, అనేవాడు. వారానికోసారి విప్పేవాడు, దులిపేవాడు, మళ్లీ బిగించేవాడు. సరిగ్గా నా మంచం కిందే ఆ గది. పదకొండేళ్లు నేను అలారం పెట్టుకోలేదు.

ఆ రోజు అన్నయ్య, వదిన పొద్దున్నే మట్టి కోసం కాలవకు వెళ్లారు. నాకు జ్వరం. ముసుగుతన్ని పడుకుంటే కింద నుంచి కర్‌ర్‌ర్. కట్టకుండా వెళ్లాడు మహానుభావుడు. దిగి వచ్చి బిరడా తిప్పితే బిరడా నా చేతిలోకి వచ్చింది. ప్లగ్గు పీకాను. చప్పుడు ఆగిపోయింది. అక్కడితో నేనూ ఆగి ఉండాల్సింది. కాని పదకొండేళ్ల నిద్ర ఒక్కసారిగా గుర్తొచ్చింది. పెరట్లో గొడ్డలి ఉంది.

గాజు బుడ్లు తీసి వీధి చెత్తకుండీలో వేశాను. పెట్టెను చీల్చి పొయ్యిలో పెట్టాను. లోపల ఇనుప దిమ్మెకు రాగితీగ చుట్టిన బరువైన ముద్ద ఒకటుంది, అది ఎలా విప్పాలో తెలియక అదీ పెట్టాను. మూడు రోజులు నీళ్లు ఎవరినీ కాచనివ్వకుండా నేనే కాచి, ప్రతిసారీ దాన్ని మంటలోకి తోస్తూ వచ్చాను. తీగ నల్లగా పొరలు పొరలుగా రాలి బూడిదలో కలిసిపోయింది. మిగిలిన ఇనుప దిమ్మెను బట్టలుతికే బండ కింద పూడ్చేశాను. నా జ్వరం కూడా తగ్గింది.

ఆ మొదటి రోజే పలక ఎదురుగా నిలబడ్డాను. ఏదో ఒకటి రాయాలి. "జామకొమ్మలు, తొమ్మిది" అని రాశాను. తొమ్మిది ఎందుకో నాకే తెలియదు. లెక్కల టీచర్ని కదా, అంకె వెయ్యకపోతే అబద్ధం కూడా అసంపూర్తిగా ఉన్నట్టు అనిపిస్తుంది.

అన్నయ్య వచ్చి ఖాళీ అర చూసి కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది. కుర్చీ లాక్కుని ఆ అర ముందు కూర్చున్నాడు. పొద్దున వీధిలో పాత సామాన్లవాడి అరుపు విన్నానని ఎదురింటాయన చెప్పాడు. అంతే, దొంగ దొరికిపోయాడు. మర్నాడు అన్నయ్య వీధి మొదట్లోనే అతన్ని ఆపి నానా మాటలూ అన్నాడు. అతను పిల్లల మీద ఒట్టేసి మరీ తనకేం తెలియదన్నాడు. ఆ తర్వాత మా వీధికి రావడం మానేశాడు. మా హాల్లో పాత పేపర్ల దొంతి కిటికీ ఎత్తుకు పెరిగింది. నా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నీళ్లు నములుతూ ఉండిపోయాను.

సరిగ్గా నెల తర్వాత వదిన బట్టీ తెరిచింది. అన్నిటికన్నా వెనక ఒక పొడుగు కూజా ఉంది. బయటికి తీసి వెలుతురులో పెట్టి, ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడింది. కళ్లు తిరిగాయేమోనని పరిగెత్తాను. కూజా పచ్చగా ఉంది, నీళ్ల పచ్చ. భుజం దగ్గర, పూత జారి మందంగా ఆగినచోట, సన్నని ఎర్ర జీర. అప్పుడు నాకు కనిపించింది, ఆ రోజు గొడుగు కింద కనిపించనిది.

"అమ్మాయ్, కాలవ వచ్చింది" అంది వదిన.  ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మనిషి అంతకన్నా ఏమంటుంది? నాకు కళ్లు చెమర్చాయి. ఆ పూత డబ్బా మీద చీటీ చూశాక చెమట్లు పట్టాయి. దాని మీద ఆవిడ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది, జామకొమ్మలు, తొమ్మిది.

వారం తిరక్కుండా, వీధి మలుపులో టీకొట్టు పెట్టబోతున్న ఒకావిడ మా ఇంటికి నిచ్చెన అడగడానికి వచ్చింది. కిటికీలో కూజా చూసి నిచ్చెన సంగతి మరిచిపోయింది. ఈ రంగులో నలభై కప్పులు కావాలి, కొట్టు తెరిచేనాటికి ఇవ్వగలరా అని అడిగింది. ఎందుకు అంది వదిన. టీ పోయడానికండీ అంది ఆవిడ. వదిన నావైపు చూసింది. ఇన్నేళ్లలో ఆవిడ పంచిన వాటికి లెక్క లేదు, కాని అడిగి కావాలన్న మనిషి ఈవిడే. ఇస్తానంది. ఆ సాయంత్రం సారె ముందు కూర్చుని నిజంగానే కూనిరాగం తీసింది.

నలభై కప్పులూ పదిహేను రోజుల్లో తయారయ్యాయి. చేతిలో ఒదిగేట్టు, కింద కాస్త ఉబ్బుగా, పెదవి తగిలేచోట పలచగా. లోపల తెల్ల పూతే, ఆ రంగు బయటికి మాత్రమే. తాగేవైపు తనకు అణువణువూ తెలిసిందే ఉండాలని ఆఫీసు నాటి పట్టుదల. ఇక బూడిదే కావాలి. పాత బూడిద మొత్తం కూజాకే అయిపోయింది. పెరటి జామచెట్టు నుంచి సరిగ్గా తొమ్మిది కొమ్మలు కొట్టి కాల్చి, ముందు రెండు కప్పులకు పూసి చూసింది. పలచటి కాఫీ రంగు వచ్చింది.

కొమ్మల లావులో తేడా వచ్చిందేమోనని మళ్లీ తొమ్మిది కాల్చింది. మళ్లీ కాఫీనే, ఈసారి పాలు ఎక్కువైన కాఫీ. అప్పుడు ఆవిడకొక సిద్ధాంతం పుట్టింది. కూజా చూస్తే రాగి ఉన్నట్టుంది, మరి జామచెట్టుకు రాగి ఎక్కడిది? మన చెట్టు కరెంటు స్తంభం పక్కన ఉంది, పాత తీగ ఏదో భూమిలో ఉండి వేళ్లు పీల్చుకుని ఉంటాయి, అన్ని కొమ్మలకూ సమానంగా ఎక్కదు కదా, అంది. చెట్టు మొదట్లో తవ్వి మట్టి నాకి చూసింది. నేను లోపలికెళ్లి తలుపేసుకున్నాను.

ఆ నెలంతా వదిన వీధిలో కరెంటు స్తంభం పక్కనున్న ప్రతి జామచెట్టునూ అడిగి కొట్టించింది. ఇచ్చినవాళ్లకు ఒక గిన్నె. మా వీధిలో జామచెట్లన్నీ బోడిగుండ్లయ్యాయి. చిలకలు పక్క వీధికి మారిపోయాయి. కాల్చిన ప్రతిసారీ రెండు కప్పులు కాఫీ రంగులో బయటికొచ్చేవి. వాటికి బదులు మళ్లీ రెండు చేసేది. తినడం తగ్గించింది. అన్నయ్యా ఖాళీ అర ముందు, వదినా కాఫీ కప్పుల ముందు, ఇద్దరి మధ్య కుక్కిన పేనులా నేను.

కొట్టు తెరవడానికి ఇక పన్నెండు రోజులున్నాయనగా, వదినతో కలిసి కూరలకు వెళ్లాను. దారిలో కొత్త ఇంటి పునాది తవ్వుతున్నారు. గట్టున మట్టి, అప్పుడే తీసింది, ముదురు గోధుమ రంగులో నిగనిగలాడుతూ. సంచీ సిద్ధం చేసుకున్నాను. వదిన ఆగలేదు. తల కూడా తిప్పలేదు. నేను చెయ్యి పట్టుకుని ఆపి, చూశావా వదినా అన్నాను. చూశానులే, ఇంకెందుకు, అంది. టీకొట్టావిడకు బజారు కప్పులు కొనుక్కోమని రేపు చెప్పేస్తానంది. బట్టీ ఇటుకలు విప్పించి పెరట్లో మొక్కలకు గట్టు కట్టించుకుంటానంది. ఆ రంగు తన చేతి గొప్ప కాదట, ఏదో దారి తప్పి వచ్చిందట, ఇన్నేళ్లూ మట్టి తిన్నందుకు మట్టే వెక్కిరించిందట. ఇదంతా వంకాయల ధర చెబుతున్నంత మామూలుగా చెప్పింది. 

మర్నాడు పొద్దున కాఫీలప్పుడు చెప్పేశాను. ముందు ఒక మాట, తర్వాత ఒక మాట పద్ధతిగా చెబుదామనుకుని రాత్రి వరస పెట్టుకున్నాను. నోరు తెరిచేసరికి అన్నీ కలిసిపోయాయి. గొడ్డలి ముందొచ్చింది, జ్వరం తర్వాతొచ్చింది, రేడియో మధ్యలో ఎక్కడో వచ్చింది. బట్టలుతికే బండ కింద ఇనుప దిమ్మె ఉందనీ చెప్పాను. పాత సామాన్లవాడిది ఏ తప్పూ లేదని చివర్లో చెప్పాను, అది మొదట చెప్పాల్సిన మాట.

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. వదిన నావైపు తిరిగింది.

"రేడియో కాల్చినందుకు నేనేమీ అనను. అది మీ అన్నాచెల్లెళ్ల గొడవ" అంది. "పలక మీద జామ అని ఎందుకు రాశావమ్మాయ్? రాగి అని నా కళ్లు చెబుతూనే ఉన్నాయి. నా కళ్లను కాదని నీ చేతిరాతను నమ్మాను."

ముప్ఫై మూడేళ్లు నేను పిల్లల్ని ఎన్ని మాటలన్నానో, అవన్నీ కలిపినా ఈ ఒక్క మాట బరువు ఉండదు. లేచి వెళ్లి గోడకు ఆనుకున్నాను. నిజం చెప్పొద్దూ, గోడకుర్చీ వేద్దామనే. మోకాళ్లు సహకరించలేదు.

అన్నయ్య లేచి లోపలికెళ్లాడు. బీరువా తలుపు చప్పుడైంది. ఇక నా మీద చెయ్యెత్తినా పడి ఉందామనే నిశ్చయించుకున్నాను. ఆయన ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి కాఫీ గ్లాసుల మధ్య పెట్టి మూత తీశాడు. నిండా మరలు, చిన్న చిన్న రేకులు, రాగితీగ చుట్టలు నాలుగైదు, వాటిలో ఒకటి గుప్పెడంత ఉంది.

"ఇందులో ఇంకా సగం రేడియో ఉంది" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. ఆయన తల వంచుకుని చెప్పుకొచ్చాడు. విప్పి బిగించిన ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలిపోయేదట. ఎక్కడిదో గుర్తు రాక డబ్బాలో వేసేవాడట. ఆ పెద్ద చుట్ట లేకపోతే స్టేషన్ పలకదని ఎనిమిదేళ్ల కిందటే ఒక రిపేరువాడు చెప్పాడట. అది ఎక్కడ పెట్టాలో అతనికీ తెలియలేదట. మరి ఎనిమిదేళ్లూ రోజూ ఐదింటికి ఎందుకు తిప్పావు, నా ప్రాణం ఎందుకు తీశావు అని నేను నిలదీశాను. తప్పు నాదే అయినా కోపం ఎక్కడికి పోతుంది?

"డిపో ఐదింటికి తెరిచేవాళ్లం" అన్నాడు అన్నయ్య. "ఆ టైముకు మెలకువ వచ్చేస్తుంది చెల్లాయ్. లేచి ఏం చెయ్యను?"

 వదిన డబ్బా తన వైపు లాక్కుని, రాగి చుట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తర్వాత, ఇంకేం చేస్తుంది, నాలుక మీద పెట్టుకుంది. పొడి వేస్తే పూత అంతటా ఒకేలా కలిసిపోయి ఆస్పత్రి గోడైంది, ఇదైతే పొరలుగా రాలి ఎక్కడిదక్కడ నిలబడింది, అందుకే ఆ జీర, అంది. గొంతులో ప్రాణం వచ్చింది. ఎంత తీగ కాల్చావు, ఎన్ని రోజులు, ఏ కట్టెతో అని నన్ను నిలబెట్టి ప్రశ్నలు వేసింది. పరీక్షలో పిల్లకాయలా చెప్పాను. రేడియో పెట్టెది ఏ చెక్కో ఎవరికీ తెలియదు. అన్నయ్య లేచి, రేడియో పెట్టుకోవడానికి తను చేయించుకున్న అరను గోడ నుంచి ఊడదీశాడు. రెండూ ఒకే చెక్క, ఒకే కొట్లో కొన్నాను, అని ముక్కలు చేసి ఇచ్చాడు. గొడ్డలి మాత్రం నా చేతికివ్వలేదు.

ఆ పూటే ఆయన పాత సామాన్లవాడి ఇంటికి వెళ్లి, తప్పయిందని చెప్పి, వెంటబెట్టుకుని వచ్చాడు. అతను పేపర్ల దొంతి కట్టుకుంటూ ఇంకేమైనా పోయాయా అండీ అని అడిగాడు. ఆ మాట నావైపు చూస్తూనే అడిగాడు.

మూడు రోజులు చుట్టలు పొయ్యిలో కాలాయి. ఈసారి పలక మీద నేనే రాశాను, "రేడియో, అర, రాగి చుట్టలు ఐదు" అని. ఐదూ లెక్కపెట్టి మరీ రాశాను. వదిన నేను రాసింది చూసి, మళ్లీ డబ్బాలో చూసి, చుట్ట ఒక్కటీ మిగల్లేదని తేల్చుకున్నాకే వెళ్లింది. అనుమానం పోవడానికి టైము పడుతుంది, పట్టాలి కూడా. ఇంకో బూడిద లేదు, ఇంకో రోజు లేదు. అందుకని ఈసారి రెండు కప్పులు పూసి చూడడం కాదు, నలభై కప్పులూ ఒకేసారి బట్టీలోకి ఎక్కాయి.

బట్టీ వెలిగించిన రోజు అన్నయ్య డిపో నాటి గడియారం మెడలో వేసుకుని కూర్చున్నాడు. ప్రతి పావుగంటకూ కట్టె వెయ్యండి అని వదిన ఒక్కమాట అంది. పావుగంట అంటే ఆయనకు పావుగంటే. వదినను కూడా ఒక నిమిషం ముందు వెయ్యనివ్వలేదు. ఇన్నేళ్లలో బట్టీ ఇంత సమంగా ఎప్పుడూ మండలేదని వదిన తర్వాత చెప్పింది. మంట ఆరాక ద్వారం మూసి మూడు రోజులు చల్లారనివ్వాలి. ఆ మూడు రోజులూ ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున, సరిగ్గా ఐదింటికి, అన్నయ్య నా తలుపు కొట్టాడు. అలవాటు ప్రకారం తిట్టబోయి మానుకున్నాను. పెరట్లోకి వెళ్లేసరికి వదిన ద్వారం ఇటుకలు ఒక్కొక్కటే తీస్తోంది. లోపలి నుంచి వెచ్చటి గాలి వచ్చింది. చీకటి ఇంకా పూర్తిగా పోలేదు, రంగు తెలియడం లేదు. వదిన చెయ్యి పెట్టి ఒక కప్పు తీసి తూర్పు వైపు ఎత్తి పట్టుకుంది.  వెలుతురు మెల్లగా వచ్చింది, దాంతోపాటు పచ్చ వచ్చింది, తర్వాత అంచు కింద సన్నగా ఎర్రటి జీర. వదిన కప్పును గుండెలకు ఆనించుకుని, మరో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి బూడిదతో గరగరలాడుతోంది. నేను ఏడ్చేశాను, సిగ్గు లేకుండా.

అప్పుడు బట్టీలోంచి చప్పుడు. టింగ్. కాసేపాగి ఇంకోచోట నుంచి, టింగ్. తర్వాత రెండు మూడు కలిసి. బయటి చలిగాలి తగిలి కప్పుల పూత సన్నగా బిగుసుకుంటోంది, అప్పుడలాగే పలుకుతుంది, పగిలేది కాదు భయపడకండి అంది వదిన. చప్పుడు పెరిగింది. నలభై కప్పులు, ఒక్కొక్కటి ఒక్కో గొంతుతో.

అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని, తల బట్టీ ద్వారంలో పెట్టి, చెవి ఒగ్గి విన్నాడు. కళ్లు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్లు గాలిలో మెల్లగా, చాలా మెల్లగా బిరడా తిప్పుతున్నాయి.

"దొరికింది చెల్లాయ్" అన్నాడు. "స్టేషన్ దొరికింది."

వదిన పక్కన పీట వేసింది. ముగ్గురం ఎండొచ్చేదాకా అలాగే కూర్చుని విన్నాం. పదకొండేళ్లలో మొదటిసారి, కట్టెయ్యమని నేను అనలేదు.